మెడ దాకా నీళ్ళు

నిన్న పొద్దుగూకంగ
నా హార్డ్ డిస్క్ పళ్ళు కొరికింది.
టిక్. కొంచెం ఆగి, టిక్.
పందొమ్మిదేండ్ల పాస్‌పోర్టు ఫోటోలున్నయి దాంట్ల.
సిరొంచ సగం ఊరు
నీలిరంగు పరదా ముందర
ఊపిరి బిగబట్టి కూసున్నది.

రేషన్ కార్డు కోసం దిగినోళ్ళే ఎక్కువ.
పోయినంక ఇంటోళ్ళు వచ్చి
పెద్దగ చేయించుకునేది గా ఫోటోనే.
"మా ఆయనది ఉన్నదా బిడ్డా?"
మొన్న లచ్చుంబాయి వచ్చి నిలబడ్డది.
ఏ సాలు దిగిండంటే
వంతెన మీద తొలి బస్సు వచ్చిన సాలు అన్నది.
నా ఫోల్డర్లకు గసొంటి పేర్లు లేవు.
కొన్ని మరాఠీల, కొన్ని తెలుగుల,
కొన్ని ఉత్త తారీఖులు,
ఇంకొన్ని "కొత్తది", "కొత్తది రెండు", "అసలు కొత్తది".

పొద్దుగాల బస్సుకు మంచిర్యాల పోయిన.
వాజిద్ గాజుబల్ల మీద నాలుగు రకాలు పరిచిండు.
ధర అడిగితే ధర చెప్పలేదు.
రోజుకెన్నిసార్లు తెరుస్తవన్నడు.
చేతిల నుంచి జారేస్తవా అన్నడు.
మీ దిక్కు కరెంటు ఎట్లుంటదన్నడు.
ఎన్నేండ్లు దాయాల్నన్నడు.
బ్యాంకుల లోను సారు కూడ
నన్ను ఇంత లోతుగ అడగలేదు.

పెన్‌డ్రైవ్ నేనే వద్దన్న.
పోయిన ఎండకాలం తాళంచెవుల గుత్తి నుంచి ఊడి
ఒకటి ప్రాణహిత ఇసుకల కలిసింది.
దాంట్ల ఒక పెండ్లి ఉండె.
వాళ్ళకిప్పుడు ఇద్దరు పిల్లలు,
ఫోటోలు మాత్రం లేవు.

డీవీడీలు ఇంట్ల అట్టపెట్టె నిండ ఉన్నయి.
వానకాలం వాటి మీద బూజుతోని ముగ్గులేసింది.
ఎండకు పట్టి చూస్తే ఏడు రంగులు,
లోపల ఎవ్వరూ లేరు.

ఎస్సెస్‌డీ చూసి ఆశపడ్డ.
లోపల కదిలే ముక్క లేదు,
కిందపడ్డా సప్పుడు చెయ్యదు,
రెప్ప కొట్టేలోపు తెరుచుకుంటది.
వాజిద్ తల అడ్డంగ ఊపిండు.
పని చేసుకునేటందుకు మంచిదే గని
అరల పెట్టి ఏండ్లకేండ్లు కరెంటు చూపియ్యకపోతే
మెల్లమెల్లగ మరిచిపోవచ్చు ఇది.
కరెంటు చూపియ్యడమంటే
పలకరించడమే గదా అనుకున్న.

ఇగ మిగిలింది పాత జాతే.
లోపల పళ్ళెం తిరుగుతది,
దాని మీద ముల్లు తేలుతది, ముట్టదు.
ముట్టిందా, ఒక వాడ మొత్తం గీతలపాలు.
బరువు, నిదానం.
అయినా రూపాయికి ఎక్కువమందిని ఎత్తుకుంటది
మా రేవుల నాటుపడవ లెక్క.

పడవ అనంగనే యాదికొచ్చింది.
వంతెన లేనినాడు మా రేవు నావికుడు బక్కన్న
పెండ్లోళ్ళందరినీ ఒక్క పడవల ఎక్కనియ్యకపోయేది.
ఎంత తొందరున్నా, ఎన్ని తిట్లు తిట్టినా
సగం ఇండ్ల, సగం అండ్ల.
ఎందుకని ఎవ్వరూ అడగలేదు,
ఆయన చెప్పలేదు.

ప్రింటరు బాగుచేయిద్దామని దాచిన పైసలు
బల్ల మీద పెట్టిన.
రెండు హార్డ్ డిస్కులు తీసుకున్న.
ఒకటి నా దుకాణంల,
ఒకటి నది అవతల చెన్నూరుల, మా అక్క బీరువాల.
చీరెల నడుమ సగం సిరొంచ.

రాత్రి కాపీ పెట్టిన.
ఇంకా ఆరు గంటలన్నది.
జర సేపటికి రెండు నిమిషాలన్నది.
కరెంటు పోయొచ్చినంక పదకొండు గంటలన్నది.
టిక్ టిక్ వింటూ
బల్ల మీదనే తల పెట్టి పండుకున్న.

తెల్లారి దొరికిండు లచ్చుంబాయి పెనిమిటి,
"అసలు కొత్తది" లోపల.
సగమే తెరుచుకున్నడు.
నుదురు, కండ్లు, మీసం, గదుమ, అన్నీ సక్కగున్నయి.
మెడ కింద నుంచి ఉత్త బూడిద రంగు.

ఇది పాడయింది అవ్వా,
అంగీ వేరేది అతికిస్తనని చెప్పిన.
ఆమె కాయితం పట్టుకొని
గడప దాకా వెలుతురుకు పోయింది.
చానాసేపు చూసింది.

"అతికియ్యకు బిడ్డా.
ఎండకాలం ఏరు దాటి వచ్చేటప్పుడు
ఒడ్డు మీద నిలబడి చూస్తే
నాకు గిట్లనే కనిపించేటోడు."